సబర్ వేరు, ఖామోషీ వేరు

2025 సెప్టెంబర్‌లో, దోహా మీద ఇజ్రాయెల్ హమ్లా చేసిన నాలుగైదు రోజులకు, మా రాయచోటిలో ఒక నిఖా దావత్‌కు వెళ్లాను. దస్తర్‌ఖాన్ మీదకు బిర్యానీ రాకముందే ఆ మాట వచ్చేసింది. మా ఆపా చిన్న కొడుకు ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. నా ఎదురుగా కూర్చుని సూటిగా అడిగాడు.

"ఉనోకు గైరత్ నై క్యా మామూ? ఇంట్లోకొచ్చి కొట్టిపోతే ఒక్క మిస్సైల్ కూడా వదల్లేదు. రఫేల్‌లు, ఎఫ్-15లు అన్నేసి కొన్నది దేనికి? పెరేడ్ కోసమా?"

పక్కనున్న కుర్రాళ్లంతా సహీ బాత్ అన్నారు. ఒక పెద్దాయన గడ్డం నిమురుకుంటూ, "పైసా ఎక్కువైతే దిల్ చిన్నదైపోతుంది బేటా" అని తన వంతు కలిపాడు.

నేను వాణ్ణి అడిగాను. "మీ భాయ్ ఎక్కడున్నాడ్రా?"

"దోహాలో."

"రూమెక్కడ?"

"ఇండస్ట్రియల్ ఏరియాలో."

"మరి ఖతార్ ఒక మిస్సైల్ వదిలితే, బదులుగా వచ్చే పది ఎక్కడ పడతాయి?"

వాడు తల వంచుకున్నాడు. దావత్ ముగిసి జనం వెళ్లాక మా ఆపా నన్ను పక్కకు పిలిచింది. "వాడి మాటలు పట్టించుకోకు. జూన్‌లో దోహా ఆస్మాన్‌లో మిస్సైళ్లు పేలిన రాత్రి పెద్దోడి ఫోన్ కలవలేదు. తెల్లారేదాకా జానమాజ్ మీదే ఉన్నా. వీడు కూడా నిద్రపోలేదు. ఇప్పుడు చూడు, జంగ్ కావాలంటున్నాడు" అంది.

తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుంటే నాకు నా మీదే కోపం వచ్చింది. వాడి నోరు మూయించాను గానీ వాడి సవాల్‌కు జవాబివ్వలేదు. మీ అన్న అక్కడున్నాడు కాబట్టి మాట్లాడొద్దు అనడం దలీల్ కాదు, బెదిరింపు. వాడు అడిగిందే మన ఇళ్లల్లో చాలామంది అడుగుతున్నారు. పక్కింట్లో జంగ్ జరుగుతూ నిప్పురవ్వలు తమ కప్పు మీద కూడా పడుతుంటే, చేతిలో ఆయుధాలున్న హుకూమత్‌లు ఎందుకు చేతులు కట్టుకుంటాయి? అది బుజ్దిలీయా, అఖల్‌మందీయా?

నా రాయి ముందే చెప్పేస్తాను. ఫౌజ్‌ను ఆపుకోవడం ఆ దేశాలకు చాలాసార్లు సహీ ఫైస్లానే. కానీ ఫౌజ్‌ను ఆపుకున్న పేరుతో నోటిని, చేతిని, ఖజానాను కూడా ఆపుకుంటే దానికి సబర్ అని పేరు పెట్టడానికి లేదు. ఈ రెంటినీ మనం కలిపేస్తున్నాం. అందుకే కోపం రావాల్సిన చోట రావడం లేదు, అక్కర్లేని చోట వస్తోంది.

ముందు జరిగింది వరసగా చూద్దాం. 2025 జూన్ 13న ఇజ్రాయెల్ ఇరాన్ మీద హమ్లా మొదలుపెట్టింది. 22న అమెరికా కూడా దిగి ఫోర్దో, నతంజ్, ఇస్ఫహాన్‌లలోని అణు కేంద్రాల మీద బాంబులు వేసింది. మరుసటి రోజు రాత్రి ఇరాన్ తన జవాబును ఖతార్‌లో ఉన్న అల్ ఉదైద్ అమెరికన్ ఎయిర్ బేస్ మీద వేసింది. అది కూడా ముందుగా కబురు పంపి, బేస్ ఖాళీ అయ్యాక. మిస్సైళ్లను దాదాపు అన్నింటినీ గాల్లోనే పేల్చేశారు. ఎవరి జానూ పోలేదు. ఖతార్ ఏం చేసింది? ఇరాన్ రాయబారిని పిలిపించి నిలదీసింది. జవాబిచ్చే హక్ మాకుంది అని ప్రకటించింది. అదే రాత్రి ఇరాన్‌తో ఫోన్‌లో మాట్లాడి, అమెరికా ముందు పెట్టిన జంగ్‌బందీకి వాళ్లను ఒప్పించడంలో తన చేయి కూడా వేసింది.

సరిగ్గా 78 రోజులకు, సెప్టెంబర్ 9న, అదే దోహా మీద ఈసారి ఇజ్రాయెల్ బాంబులు పడ్డాయి. గాజా జంగ్‌బందీ గురించి మాట్లాడుకోవడానికి అక్కడున్న హమాస్ నాయకుల మీద అవి పడ్డాయి. ఒక ఖతార్ సెక్యూరిటీ ఆఫీసర్ కూడా చనిపోయాడు. ఒకే ఏడాదిలో, ఒకే ఊరి మీద, ఒకరికొకరు జానీ దుష్మన్‌లైన రెండు దేశాలు కొట్టాయి. ఖతార్ రెండుసార్లూ తిరిగి కొట్టలేదు.

మనం గల్లీలో కొట్లాటను చూసి దేశాల కొట్లాటను అంచనా వేస్తాం. గల్లీలో ఒకడు చెంప మీద కొడితే మనమూ కొడతాం, పెద్దమనుషులొచ్చి విడదీస్తారు, లెక్క సరి. దేశాల మధ్య విడదీసే పెద్దమనుషులుండరు. ఉన్నా వాళ్లకు ఒక పార్టీతో దోస్తీ ఉంటుంది. కాబట్టి మొదటి దెబ్బ కొట్టేటప్పుడే రెండో రోజు, ఇరవయ్యో రోజు ఏం చేస్తామో హిసాబ్ వేసుకోవాలి.

ఖతార్ హిసాబే వేసి చూడండి. అది మా పాత కడప జిల్లా కన్నా చిన్న దేశం. జనం సుమారు 30 లక్షలు. అందులో సొంత పౌరులు పదింట ఒక వంతో, కాస్త ఎక్కువో. మిగతా అంతా మా ఆపా పెద్ద కొడుకు లాంటివాళ్లే. హిందుస్తానీలే దాదాపు 8 లక్షలు. సంపాదనంతా సముద్రంలోని గ్యాస్ నుంచి. ఆ గ్యాస్ ఉన్న నేల ఎక్కువ భాగం ఖతార్‌ది, మిగతాది ఇరాన్‌ది. ఖతార్ వైపు నార్త్ ఫీల్డ్ అంటారు, ఇరాన్ వైపు సౌత్ పార్స్ అంటారు. ప్రపంచంలోకెల్లా పెద్దదైన ఆ గ్యాస్ నిల్వను ఇద్దరూ ఒకే బావిలోంచి తోడుకున్నట్టు తోడుకుంటున్నారు. బావి పంచుకున్న పడోసీతో జంగ్ చేయడం ఎంత కష్టమో పల్లెల్లో పుట్టిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక నీళ్లు. గల్ఫ్‌లో నదుల్లేవు. ఖతార్, కువైట్, బహ్రెయిన్‌లలో తాగే నీళ్లు ఎక్కువ భాగం సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసేసే ప్లాంట్ల నుంచే వస్తాయి. ఆ ప్లాంట్లు ఒడ్డు మీద బహిరంగంగా నిలబడి ఉంటాయి. ఎత్తి ఎక్కడా దాచలేరు. ఖతార్ ప్రధానమంత్రి షేక్ ముహమ్మద్ బిన్ అబ్దుర్రహమాన్ 2025 మార్చిలో ఒక అమెరికన్ జర్నలిస్టుతో మాట్లాడుతూ ఇదే చెప్పాడు. ఇరాన్ తీరంలోని అణు కేంద్రం మీద దాడి జరిగి సముద్రం పాడైతే, తమ దేశంలో మూడు రోజుల్లో నీళ్లు అయిపోతాయని ఒకప్పుడు తాము లెక్క వేసుకున్నామని, ఆ భయంతోనే పెద్ద పెద్ద నీటి ట్యాంకులు కట్టుకున్నామని. నీళ్ల ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకుని లైన్లో నిలబడిన మన రాయలసీమ వాళ్లకు ఆ మాటలోని దహ్షత్ తెలుస్తుంది.

మరి ఆ రఫేల్‌లు ఎందుకు అని కదా సవాల్. దోహా నుంచి ఇజ్రాయెల్‌కు పోవాలంటే సౌదీ మీదుగా, జోర్డాన్ మీదుగా పోవాలి. ఎఫ్-15 విమానం అమెరికాది, స్పేర్ పార్టులు అమెరికావి, దేశంలో పదివేల అమెరికన్ ఫౌజ్. అవన్నీ దాటి వెళ్లి నాలుగు బాంబులు వేసి వచ్చారే అనుకోండి. అవతలివాడు జంగ్ ఆపుతాడా? ఆపడు. పైగా వాడి దగ్గర అణుబాంబులున్నాయని ప్రపంచమంతా నమ్ముతోంది. మొదటి రోజు అందరూ బహాదూర్లే. ఆ మర్నాడు గ్యాస్ ప్లాంట్ మండుతుంటే, నీళ్ల ప్లాంట్ ఆగిపోతే, ఎయిర్‌పోర్ట్ మూతపడితే, 30 లక్షల మంది ఏ దారిన బయటకు పోతారు?

ఇదంతా నా ఊహ కాదు. సౌదీ ఈ సబఖ్ చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 2015 మార్చిలో యెమెన్ మీద అది ఫౌజీ కార్రవాయీ మొదలుపెట్టినప్పుడు కొద్ది వారాల్లో పని అయిపోతుందన్న ధీమా కనిపించింది. ఏళ్లు గడిచాయి. 2021 చివరికి ఆ జంగ్ వల్ల 3,77,000 మంది చనిపోయి ఉంటారని ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ అంచనా వేసింది. అందులో సగం కన్నా ఎక్కువ మంది బాంబులతో కాదు, ఆకలితో, జబ్బుతో, దవా దొరక్క పోయినవాళ్లు. ఎక్కువ భాగం చిన్న పిల్లలు. హైదరాబాద్ బార్కస్‌లో ఈ లెక్క నంబర్ కాదు. నిజాం ఫౌజ్‌లో నౌకరీకి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ల ఔలాద్ అక్కడుంది.

అంత ఖూన్ పారించినా సౌదీకి హిఫాజత్ దొరికిందా? 2019 సెప్టెంబర్ 14 తెల్లవారుజామున 18 డ్రోన్లు, 7 క్రూజ్ మిస్సైళ్లు అబ్ఖైఖ్, ఖురైస్ చమురు కేంద్రాల మీదకు వచ్చాయని సౌదీయే చెప్పింది. ఒక్క పొద్దులో రోజుకు 57 లక్షల బ్యారెళ్ల ఉత్పత్తి ఆగిపోయింది. సౌదీ తీసే చమురులో అది సగం. మేమే చేశాం అని యెమెన్ హూతీలు అన్నారు. ఇరాన్ చేసింది అని సౌదీ, అమెరికా అన్నాయి. ఇరాన్ కాదంది. వేల కోట్ల డాలర్ల ఆయుధాలు కొన్న దేశం, నమ్ముకున్న అమెరికా వైపు చూసింది. అమెరికా ఆంక్షలు పెంచి, కొంత ఫౌజ్ పంపి ఊరుకుంది. అప్పుడు సౌదీకి రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, చవకబారు డ్రోన్‌ను ఆపడానికి లక్షల డాలర్ల మిస్సైల్ కావాలి, అయినా ఒకటో రెండో తప్పించుకుని వస్తాయి. రెండు, మన ఇల్లు తగలబడితే ఆర్పడానికి ఇంకెవరో పరుగెత్తుకొస్తారన్నది ఖామ్‌ఖయాలీ. నాలుగేళ్లు తిరక్కముందే, 2023 మార్చి 10న, చైనా రాజధాని బీజింగ్‌లో సౌదీ, ఇరాన్‌లు కూర్చుని 2016లో తెగిపోయిన సంబంధాలను మళ్లీ కలుపుకున్నాయి. ఆ ఏడాది చివర్లో హూతీలు ఎర్ర సముద్రంలో ఓడల మీద పడ్డప్పుడు అమెరికా కట్టిన కూటమిలో అరబ్ దేశాల నుంచి బహిరంగంగా పేరిచ్చింది బహ్రెయిన్ ఒక్కటే. తొమ్మిదేళ్లుగా హూతీలతో దుష్మనీ ఉన్న సౌదీ పక్కకు జరిగి నిలబడింది.

తిరిగి కొడితే ఏమవుతుందో చెప్పే మిసాల్ కూడా ఉంది. 2022 జనవరి 17న అబుదాబిలోని ముసఫ్ఫాలో హూతీల హమ్లా జరిగింది. ముగ్గురు చనిపోయారు. ఇద్దరు హిందుస్తానీలు, ఒక పాకిస్తానీ. సౌదీ, ఎమిరేట్స్ కూటమి వెంటనే ఇంతెఖామ్‌కు దిగింది. 21న సాదాలోని ఒక జైలు మీద బాంబులు పడి 80 మందికి పైగా పోయారు. హూతీలు ఆగారా? 24న మళ్లీ వేశారు, 31న మళ్లీ వేశారు. ఆపింది ఏప్రిల్ 2న, రంజాన్ మొదలైన రోజు, ఐక్యరాజ్యసమితి కుదిర్చిన జంగ్‌బందీ. అప్పటి నుంచి సౌదీ, ఎమిరేట్స్ పట్టణాల మీద ఆ డ్రోన్లు దాదాపు ఆగిపోయాయి.

నా మేనల్లుడి వయసు కుర్రాళ్లకు ఇంకా పాత కథ ఒకటి చెప్పాలి. 1967. జోర్డాన్ రాజు హుసేన్ దగ్గర అప్పుడు వెస్ట్ బ్యాంక్ ఉంది, తూర్పు జెరూసలెం ఉంది, మస్జిదే అఖ్సా ఉంది. జంగ్ వద్దన్న హిసాబ్ ఆయనకూ తెలుసు. కానీ వీధుల్లో అవామ్ జోష్ మీదుంది. దిగకపోతే సొంత ప్రజలే తిరగబడతారన్న ఖౌఫ్. ఈజిప్టుతో ఒప్పందం రాసుకుని తన ఫౌజ్‌ను ఈజిప్టు జనరల్ చేతికిచ్చాడు. జూన్ 5న ఇజ్రాయెల్ ఈజిప్టు విమానాలను నేల మీదే తగలబెట్టింది. కానీ మేమే గెలుస్తున్నాం అని ఈజిప్టు నుంచి ఆయనకు ఝూటా ఖబర్ వచ్చింది. మీరు దిగకపోతే మీ జోలికి రామని ఇజ్రాయెల్ ఐక్యరాజ్యసమితి అధికారితో కబురు పంపింది. అప్పటికే జోర్డాన్ ఫిరంగులు పేలాయి. జూన్ 7 నాటికి బైతుల్ ముఖద్దస్ పోయింది, వెస్ట్ బ్యాంక్ పోయింది. ఆ జంగ్‌లో ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయిన ఫలస్తీనీలు సుమారు 3 లక్షలు.

ఆరేళ్ల తర్వాత, 1973లో, ఈజిప్టు, సిరియా మళ్లీ జంగ్‌కు దిగినప్పుడు అదే రాజు తన సరిహద్దు తెరవలేదు. సిరియాకు సాయంగా ఒక ట్యాంకుల బ్రిగేడ్‌ను పంపి, నది ఒడ్డున మాత్రం తుపాకీ పేలనివ్వలేదు. చాలామంది గద్దార్ అన్నారు. జోర్డాన్ మాత్రం నిలిచింది. 1967లో రాజును ముందుకు తోసిన అవామ్‌లో మన మేనల్లుళ్ల లాంటి మంచి పిల్లలే ఎక్కువ. వాళ్ల నియ్యత్‌లో ఖోట్ లేదు. అయినా ఆ జోష్‌కు కట్టిన వెల ఏమిటో ఈరోజుకూ జెరూసలెంలో కనిపిస్తోంది.

ఇదంతా ముస్లింల కమ్‌జోరీ అనుకునేవాళ్లకు ఇంకొకటి. 1991లో సద్దాం ఇజ్రాయెల్ మీద 40 దాకా స్కడ్ మిస్సైళ్లు వేశాడు. ఇజ్రాయెల్ తిరిగి కొట్టలేదు. కొడితే అమెరికా కట్టిన కూటమిలోంచి అరబ్ దేశాలు లేచిపోతాయని, సద్దాంకు కావలసింది అదేనని లెక్క వేసుకుంది. అప్పటి ప్రధాని షామిర్ మెతక మనిషి అని ఆయన దోస్తులు కూడా అనరు. కాబట్టి ఇది ఖౌమ్‌కూ మజ్హబ్‌కూ సంబంధించిన సంగతి కాదు. దెబ్బకు దెబ్బ తీస్తే దుష్మన్‌కే ఫాయిదా అని తెలిసినప్పుడు ఎవరైనా చేతిని ఆపుకుంటారు.

ఇక్కడ నా మేనల్లుడి తరఫున నేనే ఎదురు వాదన చెప్పాలి. అది బలమైనదే. ఖతార్ జూన్‌లో ఊరుకుంది, సెప్టెంబర్‌లో మళ్లీ దెబ్బ తింది. ఊరుకుంటున్నాడని తెలిస్తే ప్రతివాడూ వచ్చి కొట్టిపోడా?

పోతాడు. ఊరుకోవడం అంటే ఏమీ చేయకపోవడం అయితే తప్పకుండా పోతాడు. అందుకే ఖతార్ ఊరికే ఉండలేదు. సెప్టెంబర్ 15న దోహాలో అరబ్, ఇస్లామీ దేశాలన్నింటినీ ఒకచోట కూర్చోబెట్టింది. మధ్యవర్తి ఇంట్లో బాంబు వేస్తే ఇక మీ మాట ఎవరు మోస్తారు అని అమెరికాను నిలదీసింది. సెప్టెంబర్ 29న నెతన్యాహు వైట్ హౌస్‌లో కూర్చుని ఫోన్‌లో ఖతార్ ప్రధానికి మాఫీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఖతార్ మీద హమ్లా జరిగితే అది మా భద్రతకే ముప్పు అని ట్రంప్ రాతపూర్వకంగా ఆర్డర్ ఇచ్చాడు. అక్టోబర్‌లో గాజా జంగ్‌బందీ కుదిరినప్పుడు ఈజిప్టు, టర్కీలతో పాటు మధ్యవర్తిగా సంతకం పెట్టింది అదే ఖతార్. సెప్టెంబర్‌లో అది విమానాలు పంపి ఉంటే ఆ కుర్చీ ఉండేది కాదు. ఆ జంగ్‌బందీ పూర్తిగా నిలవలేదు, ఆ తర్వాతా గాజాలో జనాజాలు లేస్తూనే ఉన్నాయి, నాకు తెలుసు. అయినా రెండేళ్లుగా మూసిన దర్వాజా కాస్తైనా తెరుచుకుంది. అమెరికా కాగితం మీద నమ్మకం పెట్టుకోమని కూడా నేననను. అబ్ఖైఖ్ తర్వాత ఎవరు పెట్టుకుంటారు? దోహా మీద హమ్లా జరిగిన ఎనిమిదో రోజునే సౌదీ పాకిస్తాన్‌తో రక్షణ ఒప్పందం రాసుకుంది. ఒకే తాడు పట్టుకుని వేలాడకూడదని వాళ్లకూ అర్థమైంది.

తిరిగి కొట్టని దేశం దానికి బదులుగా ఏదో ఒక వెల వసూలు చేయాలి. మాఫీయో, హామీయో, సులహ్ బల్ల దగ్గర కుర్చీయో. ఆ వెల అడగకుండా ఊరుకుంటే అప్పుడు మీరు బుజ్దిలీ అనండి, నేనూ మీతో అంటాను.

రెండో ఎదురు వాదన దీనికన్నా బరువైనది. "ఇళ్లు కాపాడుకున్నారు సరే. మరి గాజా?"

దీనికి నా దగ్గర తేలిక జవాబు లేదు. ఫౌజ్ పంపడం మజ్బూరీ వల్ల కుదరలేదంటే అర్థం చేసుకుంటాను. 1967 మళ్లీ జరగాలని ఏ అఖల్ ఉన్నవాడూ కోరడు. కానీ ఫౌజ్ ఒక్కటేనా చేతిలో ఉన్నది? 1973లో సౌదీ రాజు ఫైసల్ చమురు ఆపాడు. ప్రపంచమంతా లైన్లో నిలబడింది. ఈ రెండేళ్లలో ఒప్పందాలు తెంచుకున్నవాళ్లు ఎందరు? వ్యాపారం ఆపినవాళ్లు ఎందరు? ఎమిరేట్స్, బహ్రెయిన్‌లు 2020లో ఇజ్రాయెల్‌తో చేసుకున్న ఒప్పందాలు అలాగే ఉన్నాయి. ఇక్కడ మజ్బూరీ ఏమిటి? నీళ్ల ప్లాంటా, గ్యాస్ ప్లాంటా? ఇది ఖామోషీ. దీనికి సబర్ బురఖా వేయకూడదు.

ఇంకా ఒకటి. బలమైనవాడి ముందు హిసాబ్ వేసుకునే ఈ హుకూమత్‌లు బలహీనుడి ముందు అదే హిసాబ్ వేశాయా? యెమెన్‌లో వేయలేదు. సూడాన్‌లో జనాన్ని ఊచకోత కోస్తున్న ఆర్‌ఎస్‌ఎఫ్‌కు ఎమిరేట్స్ నుంచి ఆయుధాలు అందుతున్నాయన్న ఆరోపణలు నమ్మదగినవని 2024లో ఐక్యరాజ్యసమితి నిపుణులు రాశారు. ఎమిరేట్స్ కాదంటోంది. తిరిగి కొట్టగలిగినవాడి దగ్గర మాత్రమే ఆగే చేతిని చూసి ఇది హిక్మత్ అని మురిసిపోవడం నాకు చేతకాదు. అది హిసాబ్, అంతే. హిసాబ్ సహీగా వేసినంత మాత్రాన మనిషి నేక్ అయిపోడు.

ఆ హిసాబ్‌లో మనవాళ్లెక్కడున్నారో కూడా చూసుకోవాలి. ముసఫ్ఫాలో మొదట పోయిన ముగ్గురూ మజ్దూర్ దేశాల వాళ్లే. గల్ఫ్ పాలకులు ఫౌజ్‌ను ఆపుకున్నప్పుడు కాపాడుకున్నది తమ తఖ్త్‌ను, తమ ఖజానాను. అందులో మన పిల్లల జాన్ కూడా దక్కింది, అదృష్టం. కడప, అన్నమయ్య, కర్నూలు, నిజామాబాద్, జగిత్యాల ఇళ్లల్లో పొయ్యి వెలిగేది ఆ అదృష్టం మీదే.

నాకిది పుస్తకాల్లో దొరికిన సంగతి కాదు. 1990 ఆగస్టు 2న సద్దాం ఫౌజ్ కువైట్‌లోకి వచ్చినప్పుడు మా అబ్బా అక్కడ ఒక ఇంట్లో డ్రైవర్. నాకు పదేళ్లు. రెండు నెలలు ఖబర్ లేదు. అమ్మీ రోజూ పోస్ట్‌మన్ కోసం గడపలో కూర్చునేది. అక్కడ దాచుకున్న కువైట్ దీనార్లు ఇరాకీ దీనార్లతో సమానమని సద్దాం హుకుం జారీ చేశాక, అబ్బా ఆరేళ్ల సంపాదన చిత్తు కాగితమైంది. బస్సుల్లో బస్రా, బగ్దాద్ దాటి ఎడారిలో జోర్డాన్ సరహద్దు చేరాడు. డేరాల్లో రోజుల తరబడి పడిగాపులు. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయి. ఆ కొద్ది నెలల్లో అలా 1 లక్షా 70 వేల మంది హిందుస్తానీలను తీసుకొచ్చారు. అబ్బా ఇంటికొచ్చినప్పుడు చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. అందులో లుంగీ, పాస్‌పోర్టు, సరిహద్దు దగ్గర ఎవరో ఇచ్చిన ఎండిపోయిన ఖుబ్బూస్ ముక్క. ఆ ముక్కను ఎందుకు పారేయలేదో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

జర్నలిజంలోకి వచ్చాక చదివి తెలుసుకున్నాను. ఆ జంగ్‌లో జోర్డాన్ ఎవరి ఫౌజ్‌లోనూ చేరలేదు. సద్దాం వైపూ కాదు, అమెరికా కూటమిలోనూ కాదు. అందుకు గల్ఫ్ దేశాలు దానికి ఇచ్చే సాయం ఆపేశాయి. కువైట్ నుంచి లక్షలాది ఫలస్తీనీ, జోర్డానీ కుటుంబాలు ఖాళీ చేతులతో వచ్చి దాని మీద పడ్డాయి. అంతా భరించింది. కానీ దర్వాజా తెరిచి ఉంచింది. జోర్డాన్ ఆ రోజు జంగ్‌లో దిగి ఉంటే మా అబ్బా ఏ దారిన వచ్చేవాడు? మంటల చుట్టూ మండని ఇల్లు ఒకటైనా ఉండాలి. పారిపోయేవాళ్లకు అదే దారి, సులహ్ మాట్లాడుకునేవాళ్లకు అదే గది.

కాబట్టి బేటా, నీ సవాల్‌కు నా జవాబు ఇది. ఖతార్ ఎందుకు మిస్సైల్ వేయలేదని అడగొద్దు. వేయకుండా ఏం సాధించిందని అడుగు. ఎమిరేట్స్ ఎందుకు ఫౌజ్ పంపలేదని అడగొద్దు. రాయబారిని ఎందుకు వెనక్కి పిలవలేదని, సూడాన్‌లో చేతులు ఎందుకు కడుక్కోలేదని అడుగు. మన హుకూమత్‌లను కూడా అడుగు. రేపు ఆ సముద్రం మళ్లీ మండితే గల్ఫ్‌లోని సుమారు 90 లక్షల హిందుస్తానీలను ఏ దారిన తెస్తారు? ఎవరెక్కడున్నారో లిస్టు ఉందా? వీసా అయిపోయి, పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉన్నవాళ్లు ఆ లిస్టులో ఉన్నారా? గైరత్ ఉన్న సవాళ్లు ఇవి కూడా.

డిసెంబర్‌లో పెద్దోడు ఛుట్టీ మీద వస్తున్నాడు. బెంగళూరు ఎయిర్‌పోర్ట్‌కు నేనూ వస్తానని ఆపాకు చెప్పాను, చిన్నోణ్ణి కూడా తీసుకురమ్మన్నాను. దారిలో మూడు గంటలు కారులో ఉంటాం. ఆ జూన్ రాత్రి ఇండస్ట్రియల్ ఏరియాలో ఏం కనిపించిందో, ఏం వినిపించిందో వాణ్ణి మేం ఎవరమూ ఇంతవరకూ సరిగ్గా అడగలేదు. ఈసారి వాడు చెప్తాడు, మేం వింటాం.